మైల బట్టలు ఇప్పుడు ఎవరి ఒంటిమీద ఉన్నాయి?

గోదావరి ప్రాంతంలోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక ఉపాధ్యాయిని ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు, సంఘం పేరు బయటపెట్టవద్దని కోరారు. ఆమెను గుర్తుపట్టే వీలున్న మరికొన్ని వివరాలు కూడా తీసివేసి ఆ ఉత్తరం సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె వయసు 56 ఏళ్ళు. 19 ఏళ్ళ కిందట తమ సంఘంలో స్త్రీల సమాజానికి కోశాధికారిగా ఉండేవారు. ఆ ఏడు కోత పండుగలో వచ్చిన కానుకలు, వేలంపాట డబ్బు లెక్కపెట్టి, బ్యాంకు తెరిచేదాకా చర్చి వెనక గదిలోని బీరువాలో పెట్టారు. బీరువాకు రెండు తాళంచెవులు: ఒకటి ఈమె దగ్గర, రెండోది చర్చి ఊడ్చి శుభ్రం చేసే యువతి ఇంట్లో. ఆ రోజుల్లోనే ఈమె తమ్ముడికి అప్పిచ్చినవాళ్ళు ఇంటిమీదికి వచ్చి గొడవ చేశారు. నెల తిరిగేలోగా తిరిగి పెట్టేయవచ్చన్న ధైర్యంతో ఆమె బీరువాలోంచి 35,000 రూపాయలు తీశారు. మర్నాడే లెక్క తగ్గినట్టు తెలిసింది. పెద్దలు అడిగితే "నాకు తెలియదు" అన్నారు. అనుమానం రెండో తాళంచెవి ఉన్న యువతి మీదికి మళ్ళింది. సంఘం పరువు పోతుందని పోలీసులదాకా వెళ్ళలేదు గానీ, ఆ యువతిని పనిలోంచి తీసేశారు. ఆరు నెలల్లో ఆమె భర్తనూ నాలుగేళ్ళ కూతురినీ తీసుకుని ఊరు విడిచిపోయింది.

పోయిన ఏడాది ఉపవాస కూటాల్లో ఒక ప్రసంగీకుడు బైబిల్లోని జెకర్యా ప్రవక్త గ్రంథం 3వ అధ్యాయం చెప్పారు. ప్రధాన యాజకుడు యెహోషువ ఒంటిమీది మైల బట్టలు తీసివేయించిన దేవుడు తన బట్టలు కూడా తీసివేశాడని ఈమె ఏడ్చి నమ్మారు. మూడు నెలలు ప్రాణం హాయిగా ఉంది. ఆ తర్వాత రెండు సంగతులు జరిగాయి. ఊరు విడిచిపోయిన ఆ మనిషి కూతురి పెళ్ళి కోసం తిరిగి వచ్చి, ఈమె ఇంటికి రెండు వీధుల అవతల అద్దెకు దిగింది; కుదరబోయిన సంబంధం ఒకటి "తల్లి చర్చి డబ్బు తీసిన మనిషట" అన్న మాటతో తప్పిపోయింది. రెండోది, ఆస్తి పంపకాల గొడవలో ఈమె తోడికోడలు నలుగురి ముందు "ఎవరి చేతులు ఎంత శుభ్రమో నాకు తెలుసు" అన్నది. ఆనాటి డబ్బు సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆ తోడికోడలే. భర్తకు ఇప్పటికీ తెలియదు. అప్పటినుంచి ఈమెకు నిద్ర లేదు.

ఆమె ప్రశ్నలు ఆమె మాటల్లోనే: "దేవుడు క్షమించాడని నమ్మాను. మరి ఈ నిందించే గొంతు ఎవరిది? సాతానుదైతే గద్దించి ఊరుకోనా? దేవుడిదైతే ఆ రోజు వచ్చిన క్షమాపణ అబద్ధమా? నా తోడికోడలి నోట మాట్లాడుతున్నది ఎవరు? అంతా బయటపెడితే నా ఇల్లు ఏమైపోతుంది?"

సోదరీ,

మీ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివాను. మీరు ఒకే దారానికి పడిన చిక్కుగా చూస్తున్నది నిజానికి మూడు దారాల చిక్కు. దేవుని ఎదుట మీ దోషం ఒకటి, సంఘానికి మీ బాకీ ఒకటి, ఆ మనిషికి మీరు చేసిన హాని ఒకటి. మొదటిది తెగిపోయిందన్న సంతోషంలో మిగతా రెండూ తెగిపోయాయని అనుకున్నారు. అవి ఇప్పుడు లాగుతుంటే, మొదటిది కూడా తెగలేదేమోనని భయపడుతున్నారు. నా జవాబు పొడుగ్గానే ఉంటుంది. మీరు పట్టుకున్న ఆ అధ్యాయం దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఊరటా మీ కలతా రెండూ దాన్ని సగమే విన్నందువల్ల వచ్చాయని నాకు అనిపిస్తోంది.

ఆ అధ్యాయం జెకర్యా చూసిన ఒక న్యాయస్థానపు దర్శనం: దేవదూత ముందు యెహోషువ మైల బట్టలతో నిలబడి ఉంటాడు, పక్కన నేరం మోపేవాడు. ముందు ఆ బోనులో నిలబడ్డది ఎవరో చూడండి. క్రీ.పూ. 586లో బబులోను సైన్యం యెరూషలేము దేవాలయాన్ని తగలబెట్టినప్పుడు ప్రధాన యాజకుడు శెరాయా. అతన్ని రిబ్లా అనే ఊరికి తీసుకుపోయి చంపారు. అతని కొడుకు యెహోజాదాకు బందీగా బబులోను చెరలోకి పోయాడు. ఆ యెహోజాదాకు కొడుకే మన యెహోషువ. కాలిన ఆలయానికి, చచ్చిన తాతకు, చెరలో బతికిన తండ్రికి వారసుడు. పారసీక రాజు దర్యావేషు ఏలుబడి రెండో ఏట పదకొండో నెల 24వ తేదీన, అంటే మన లెక్కలో క్రీ.పూ. 519 ఫిబ్రవరిలో, జెకర్యాకు రాత్రిపూట వరుసగా దర్శనాలు కలిగాయి. అప్పటికి కొత్త ఆలయం గోడలు ఇంకా లేస్తూనే ఉన్నాయి. అది పూర్తయింది క్రీ.పూ. 515లో. పరదేశపు అపవిత్రతలోంచి వచ్చిన ఈ మనిషి పరిశుద్ధ స్థలంలో కాలు పెట్టవచ్చా అన్నది ఆ తరం గుండెల్లో మెదిలిన ప్రశ్న. "అగ్నిలోనుండి తీసిన కొరవి" అన్న మాట అతని ఇంటి చరిత్ర మొత్తాన్ని చెబుతుంది.

అతని కుడిపక్కన నిలబడ్డవాడిని మన తెలుగు బైబిలు "సాతాను ఫిర్యాదియై" అని చెప్పింది. ఆ "ఫిర్యాది" అన్న మాటను అనువాదకులు చాలా సరిగ్గా పట్టుకున్నారు. హీబ్రూలో అక్కడున్నది "హస్సాతాన్". ముందున్న "హ" వల్ల అది పేరు కాకుండా హోదా అవుతుంది: ఆ ఫిర్యాది, నేరం మోపే ఆ అధికారి. యోబు గ్రంథం మొదటి రెండు అధ్యాయాల్లోనూ అలాగే ఉంది. తెలుగులో అలా పదానికి ముందు చేర్చే మాట లేదు కనుక మనం దాన్ని ఒక వ్యక్తి పేరుగానే వింటాం, కొమ్ములూ తోకా ఊహించుకుంటాం. కానీ అది న్యాయస్థానం. 109వ కీర్తనలో కూడా నేరం మోపేవాడు నిలబడేది కుడిపక్కనే.

ఆ న్యాయస్థానంలో మూడు సంగతులు నన్ను ఎప్పుడూ ఆపేస్తాయి. ఒకటి, ఫిర్యాది ఏమన్నాడో జెకర్యా ఒక్క మాట కూడా రాయలేదు. రెండు, యెహోషువ కూడా నోరు తెరవడు. తనను సమర్థించుకోడు, బతిమాలుకోడు. మూడోది మీకు కావలసినది: ఫిర్యాది గద్దింపు తిన్నాడు గానీ, అతను చెప్పినది అబద్ధమని ఎవరూ అనలేదు. బట్టలు నిజంగానే మురికివి. ఎంత మురికివంటే, హీబ్రూలో వాటికి వాడిన "త్సోయీమ్" అన్న మాట మలం అన్న అర్థమున్న మాటకు చుట్టం. మన "మైల" దానిముందు మెత్తటి మాట. మైల అంటే మనకు స్నానంతో పోయేది, పది రోజులకో పదకొండు రోజులకో తీరేది. అక్కడ దేవదూత ముందు నిలబడ్డది అలాంటి మనిషి కాదు. ఫిర్యాది నోరు మూయించినది దేవుని ఎన్నిక, అంటే ఆయన కోరుకోవడం. "యెరూషలేమును కోరుకొను యెహోవా నిన్ను గద్దించును" అన్నది ఆ వాక్యం. ఈ మనిషి నాకు కావాలి అన్న మాట ముందు, ఈ మనిషి మురికివాడు అన్న మాట నిజమై ఉండికూడా ఓడిపోయింది.

అందుచేత "ఈ గొంతు సాతానుదైతే గద్దించి ఊరుకోనా" అన్న మీ ప్రశ్న ఆ అధ్యాయానికి అతకదు. అక్కడ గద్దించినది యెహోషువ కాదు. గద్దించే పని నిందితుడికి ఎవరూ అప్పగించలేదు. మన కూడికల్లో ఈ వచనాన్ని నిందితుడి చేతికి కర్రలా ఇచ్చేస్తున్నారు: ఎవరు తప్పు ఎత్తిచూపితే వాళ్ళను కొట్టడానికి. ఇది నాకు ఎప్పటినుంచో ఉన్న బాధ, మీ సందర్భంలో చెప్పక తప్పలేదు.

తోడికోడలి సంగతి ఇక్కడే తేల్చేద్దాం. ఆమె ఉద్దేశం చెడ్డదే కావచ్చు. పంపకాల్లో మీ నోరు నొక్కడానికే ఆ మాట అని ఉండవచ్చు. అయినా ఆమె మోపినది నిజం. చెడ్డ ఉద్దేశంతో చెప్పిన నిజం అబద్ధమైపోదు. ఆమెను సాతాను అనుకుంటే మీకు రెండు నష్టాలు: ఆమెతో ఇక మాట్లాడలేరు; ఆమె చెప్పినదాన్ని విననక్కర్లేదని మనసుకు సర్దిచెప్పుకుంటారు. ఆమెకు మీమీద ఉన్న పట్టు మీ భర్తకు తెలియకపోవడంలోనే ఉంది. ఆయనకు తెలిసిన రోజున ఆ పట్టు జారిపోతుంది.

ఇక క్షమాపణ నిజమా, అబద్ధమా అన్నది. "నేను నీ దోషమును పరిహరించి" అని మన బైబిల్లో ఉన్నచోట హీబ్రూ మాటలు ఉన్నవి ఉన్నట్టు చెబితే "చూడు, నీ దోషాన్ని నీమీదినుంచి దాటించాను" అని అర్థం. దోషానికి అక్కడున్న "అవోన్" అన్న పదంలో తప్పు, తప్పువల్ల మీదపడిన బరువు, దానికి రాబోయే శిక్ష, మూడూ ఇమిడి ఉంటాయి. దోషపరిహారం అనగానే తెలుగు చెవికి ఖర్చుపెట్టి చేయించే శాంతులు గుర్తొస్తాయి. యెహోషువ పైసా ఇవ్వలేదు, వేలు కూడా కదపలేదు. బట్టలు విప్పినవాళ్ళు కూడా వేరేవాళ్ళే. కాబట్టి మీరు ఆ రాత్రి అనుభవించినదాన్ని నేను అబద్ధమనను. క్షమాపణ మీ తరువాతి నడతతో కొనుక్కునేది అయితే ఏడో వచనంలోని షరతు నాలుగో వచనానికి ముందు రావాలి. రాలేదు. ముందు బట్టలు మార్చారు, తలపాగా పెట్టారు, ఆ తరువాతనే "నా మార్గములలో నడుచుచు" అన్న మాట వచ్చింది. అయితే అది వచ్చింది! ఈ అధ్యాయం మీద నేను విన్న ప్రసంగాల్లో చాలా వరకు ఐదో వచనం దగ్గరే ప్రార్థనకు లేచిపోయాయి.

ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. యెహోషువ మీదినుంచి దాటించిన దోషం ఎక్కడికి వెళ్ళింది? జెకర్యా దీన్ని వదిలిపెట్టలేదు. ఆ దర్శనాల వరుసలోనే, ఐదో అధ్యాయంలో, ఒక కొలతగంప కనిపిస్తుంది. దాని మూత సీసపుది. లోపల దుష్టత్వం ఒక స్త్రీ రూపంలో కూర్చుని ఉంటుంది. (దుష్టత్వాన్ని స్త్రీగా చూపించడం నాకు నచ్చదు, హీబ్రూలో ఆ పదం స్త్రీలింగం కావడం ఒక కారణం కావచ్చు.) కొంగ రెక్కల్లాంటి రెక్కలున్న ఇద్దరు దాన్ని ఎత్తుకుని షీనారు దేశానికి, అంటే బబులోనుకు, మోసుకుపోతారు. దోషం గాలిలో కలిసిపోదని ఆ ప్రవక్తకు తెలుసు. దాన్ని ఎక్కడో దించాలి.

మీ విషయంలో అది 19 ఏళ్ళ కిందటే మరొక మనిషి ఒంటిమీద దిగింది. మీరు విప్పిన బట్టలు నేలమీద పడలేదు, ఆమె కట్టుకుని ఊరు దాటింది. ఇప్పుడు అవే బట్టలతో తిరిగి వచ్చింది. ఆమె కూతురు కూడా వాటిలోనే పెళ్ళిచూపులకు కూర్చోవలసి వస్తోంది. మీకు నిద్రపట్టకపోవడానికి దేవుడు క్షమించకపోవడం కారణమని నేను అనుకోవడం లేదు. క్షమాపణ పొందిన కళ్ళకు ఆ బట్టలు కనిపిస్తున్నాయి, అంతే. మూడు నెలలు ప్రశాంతంగా ఉన్నారంటే, ఆ మూడు నెలలూ ఆమె మీకు కనబడలేదు.

ఐదో అధ్యాయంలో గంపకు ముందు ఇంకొకటి ఉంది. అది చదివితే మీకు భయం వేస్తుందని తెలిసే చెబుతున్నాను. ఎగిరిపోయే ఒక పుస్తకపు చుట్ట: 20 మూరల నిడివి, 10 మూరల వెడల్పు. సొలొమోను ఆలయపు ముఖమంటపం కొలతలు సరిగ్గా ఇవే. ఆ శాపపత్రం ఇద్దరి ఇళ్ళలోకి వెళుతుందట: దొంగ ఇంట్లోకి, దేవుని పేరిట అబద్ధ ప్రమాణం చేసినవాడి ఇంట్లోకి. లోపల మకాం పెట్టి దూలాలనూ రాళ్ళనూ తినేస్తుందట. మీరు దేవుని పేరిట ప్రమాణం చేశారని ఉత్తరంలో రాయలేదు. కానీ ప్రార్థన చేసి కూర్చున్న కమిటీ ముందు "నాకు తెలియదు" అన్నారు. మైల బట్టలు తీసిన దేవుడూ ఈ చుట్టను పంపిన దేవుడూ ఒకడే, ప్రవక్త ఒకడే, ఆ రాత్రి కూడా ఒకటే. యాజకుణ్ణి ఊరికే క్షమించిన నోటితోనే, దొంగసొమ్ము ఉన్న ఇంట్లో నెమ్మది ఉండదని చెప్పాడు. ఆ రెండింటికీ తగువు ఉందని ఆయన అనుకోలేదు.

గొంతు ఎవరిదో పోల్చుకోవడానికి నేను వాడే గుర్తు ఒకటుంది. చెరలో ఉన్నవాళ్ళు యెహెజ్కేలు ప్రవక్తతో అన్న మాట ఆయన గ్రంథం 33వ అధ్యాయం పదో వచనంలో ఉంది: మా పాపదోషాలు మామీద పడ్డాయి, వాటివల్ల క్షీణించిపోతున్నాం, ఇక ఎలా బతుకుతాం? మీ ఉత్తరం ఆరో పేజీలో దాదాపు ఇదే వాక్యం ఉంది. ఐదు వచనాల తరువాత జవాబు ఉంది: దుష్టుడు కుదువ సొమ్ము తిరిగి ఇచ్చి, దోచుకున్నది మళ్ళీ అప్పగిస్తే బతుకుతాడు. మిమ్మల్ని కుర్చీలో కూలబెట్టి, నువ్వు పనికిరావు, నీ ప్రార్థన దండగ అని మాత్రమే చెప్పి ఊరుకునే గొంతును మీరు వినక్కర్లేదు. రెండు వీధుల అవతల ఉన్న ఇంటి వైపు చూపించే గొంతును వినాలి. ఒకే రాత్రి రెండూ వినిపించవచ్చు. (నిద్ర లేకపోవడం ఇన్ని నెలలు సాగితే అది ఒంటికి కూడా జబ్బే, వైద్యుడి దగ్గరికి వెళ్ళండి. ప్రార్థన చేస్తున్నాం కదా అని దాన్ని వాయిదా వేయవద్దు.)

మరి ఏం చేయవచ్చు? మీ ముందు నాకు నాలుగు దారులు కనబడుతున్నాయి. నడవవలసినది మీరు కనుక, వాటి చివర ఏముందో నాకు తోచినంత చెబుతాను.

మొదటిది మీ ఉత్తరంలోనే ఉంది: పేరు లేకుండా డబ్బు కానుకల పెట్టెలో వేసేయడం. సంఘం బాకీ తీరుతుంది, మీ పేరు బయటికి రాదు. కానీ ఆమె దొంగగానే మిగిలిపోతుంది. ఇంకా ఘోరమేమిటంటే, ఆమె ఊళ్ళోకి తిరిగి వచ్చిన కొద్ది నెలలకే పెట్టెలో పాత లెక్క ప్రత్యక్షమైతే జనం ఏమనుకుంటారో మీకు నేను చెప్పాలా? ఆమే తెచ్చి వేసిందంటారు. ఈ దారిని మాత్రం వద్దనే అంటాను.

రెండోది పాస్టరుగారి దగ్గర ఆంతరంగికంగా ఒప్పుకోవడం. ఆయన మంచి మనిషైతే మీకు తోడు దొరుకుతుంది. ఆమెతో మాట్లాడేటప్పుడు ఎవరో ఒకరు నడుమ ఉండటం మీ ఇద్దరికీ మేలు కావచ్చు. కానీ ఆనాడు పోలీసులదాకా వెళ్ళనివ్వనిది కూడా సంఘం పరువే. ఆ పరువే ఇప్పుడు "ప్రభువు క్షమించాడమ్మా, ఇక కదపకండి" అనిపించవచ్చు. ఆ మాట విని మీరు తేలికపడి ఇంటికి వచ్చేస్తే, ఆ మనిషికి ఇది రెండోసారి జరిగిన అన్యాయం అవుతుంది.

మూడోది ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పడం. మీ మనసు దీనివైపే ఎక్కువగా మొగ్గుతున్నట్టు చదివాను. దానికి గొప్ప ధైర్యం కావాలి, కాదనను. కానీ నాకు ఒక సంకోచం ఉంది. మన సాక్ష్యాల్లో ఒప్పుకున్న మనిషి కథానాయిక అయిపోతుంది. జనం ఏడుస్తారు, వచ్చి చేతులు పట్టుకుంటారు, ఎంత తగ్గింపు అంటారు. అపవాదు మోసినామె ఏ వెనక వరుసలోనో కూర్చుని తన బతుకు మీ సాక్ష్యంలో ఒక సంఘటనగా వినాలి. పైగా మరో సంబంధం మాటల్లో ఉంటే, ఆ ఆదివారం సాయంత్రానికే పాత కథ కొత్తగా ఊరంతా తిరుగుతుంది; మేలు చేస్తుందో కీడు చేస్తుందో మీ చేతిలో ఉండదు.

నాలుగోది ముందు ఆమె దగ్గరికే వెళ్ళడం. నా మొగ్గు ఇటే. పోయినది ఆమె పేరు కనుక దాన్ని ఎలా తిరిగి తేవాలో, ఎవరి ముందు తేవాలో, ఎప్పుడు తేవాలో చెప్పే హక్కు ఆమెది. సంఘం ముందే చెప్పాలని ఆమె అడగవచ్చు. తప్పిపోయిన సంబంధంవాళ్ళ ఇంటికి మీరే స్వయంగా వెళ్ళి చెప్పాలనవచ్చు. కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వమనవచ్చు. మీది ప్రభుత్వ ఉద్యోగం కనుక అలాంటి కాగితం ఇచ్చే ముందు ఒక న్యాయవాదిని కలవడంలో తప్పు లేదు. ఆ సలహా ఎలా ఇవ్వాలో తెలుసుకోవడానికి ఉపయోగపడాలి గానీ, ఇవ్వకుండా తప్పించుకోవడానికి సాకు కాకూడదు. ఆమె మిమ్మల్ని క్షమించకపోవచ్చు కూడా. ఈ నాలుగో దారిలో అసలు కష్టం అదే. దేవుడు క్షమించాడు కదా, నువ్వూ క్షమించు అని మాత్రం ఆమెతో అనవద్దు. ఆ మాట చెప్పే అర్హత ఈ లోకంలో ఎవరికైనా ఉందేమో గానీ మీకు లేదు. మనుషులకు మనుషులు చేసిన తప్పులను ప్రాయశ్చిత్త దినం కూడా, ఎదుటి మనిషిని సమాధానపరిచేదాకా, తుడిచిపెట్టదని యూదుల పాత ధర్మసంగ్రహమైన మిష్నాలో యోమా అనే భాగం చెబుతుంది. బలిపీఠం దగ్గర నీ అర్పణ విడిచి ముందు వెళ్ళి సమాధానపడమన్న ప్రభువు మాట మీకు తెలిసినదే.

ఈ దారిలో వెళితే మీ ఇల్లు ఏమవుతుందన్న భయం ఉత్త భయం కాదు. కోశాధికారిగా మీమీద ఉన్న నమ్మకం పోతుంది. బడిలో కొందరు చాటుగా మాట్లాడుకుంటారు. మీ భర్తకు కోపం వస్తుంది, డబ్బుకన్నా ఎక్కువగా 19 ఏళ్ళు దాచినందుకు. అందుకే అందరికన్నా ముందు ఆయనకు చెప్పండి; వీధిలో విని ఇంటికి వచ్చే స్థితి ఆయనకు రానీయవద్దు. చెప్పేటప్పుడు తమ్ముడి అప్పు కథతో మొదలుపెట్టవద్దు. కారణం నిజమే, ఆయన అడుగుతారు, అప్పుడు చెప్పండి. మొదటే చెబితే అది వకీలు వాదనలా వినిపిస్తుంది.

డబ్బు విషయం చిన్నది, త్వరగా చెప్పేస్తాను. లేవీయకాండం ఆరో అధ్యాయం, సంఖ్యాకాండం ఐదో అధ్యాయం మూలధనానికి ఐదో వంతు కలిపి ఇమ్మంటాయి. 35,000కు 7,000 కలిపితే 42,000. 19 ఏళ్ళలో రూపాయి విలువ ఎంత కరిగిందో మీకు తెలుసు, కాబట్టి ఇంకా ఎక్కువ ఇవ్వగలిగితే ఇవ్వండి. అది సంఘానికి. ఆమె పోగొట్టుకున్న పని, జీతం, ఊరు వేరే లెక్క. దాన్ని మీరొక్కరే కూర్చుని వేయలేరు, ఆమెతో కలిసి వేయాలి. డబ్బు కవరుతో మాత్రం మొదటిరోజే వెళ్ళవద్దు. నోరు కొనడానికి వచ్చారని అనుకుంటుంది.

మీరు అడగని ఒక సంగతి కూడా చెప్పాలి. యెషయా ఆరో అధ్యాయంలో ఫిర్యాది ఎవరూ ఉండరు. ఉజ్జియా రాజు చనిపోయిన సంవత్సరం, ఆలయంలో, యెషయా తనమీద తానే నేరం మోపుకుంటాడు: అపవిత్రమైన పెదవులు గలవాడను అని. దోషం పోయిందన్న మాట అతనికి ఊరికే వినబడలేదు. సెరాపు అనే పరలోకపు దూత బలిపీఠం మీది నిప్పును పట్టకారుతో తీసుకువచ్చి సరిగ్గా ఆ పెదవులకే తగిలించాడు. ఏ అవయవం పేరు చెప్పి ఏడ్చాడో అక్కడే. ఆ తరువాత కొద్దిసేపటికే ఆ పెదవులతోనే వెళ్ళి మాట్లాడమని పంపారు. మీరు బీరువా గురించి, చేతుల గురించి చాలా రాశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువుగా అనిపించినవి "నాకు తెలియదు" అన్న రెండు మాటలు. డబ్బు తీసింది చెయ్యే, కానీ ఆమెను ఊరు దాటించింది ఆ రెండు మాటలు. వాటిని వెనక్కి తీసుకోవలసినది కూడా నోరే. పెట్టెలో వేసిన నోట్లు ఆ పని చేయలేవు.

జెకర్యా దర్శనంలో నాకు ఇష్టమైన చోటు ఒకటుంది. అందరూ యెహోషువకు బట్టలు తొడుగుతుంటే, అంతదాకా చూస్తూ నిలబడ్డ ప్రవక్త ఉండబట్టలేక నడుమ కలగజేసుకుని, "అతని తలమీద తెల్లని పాగా పెట్టండి" అంటాడు. ఆ పాగా కోసం ఎవరూ అడగలేదు. దర్శనం చూసేవాడికి మాట్లాడే పని లేదు. అయినా ఒక మనిషి ఇంకొక మనిషి తల వంక చూసి, అది ఇంకా బోసిగా ఉందని గుర్తించాడు. మీరు ఆమె ముందు నిలబడ్డప్పుడు మీరు యెహోషువ కానక్కర్లేదు. ఆ ప్రవక్త అయితే చాలు. ఆమె ఒంటిమీద ఉన్నవి తన బట్టలు కావని తెలిసిన మనుషుల్లో మీరు ఒకరు.

పగటిపూట వెళ్ళండి, ఆమె కూతురు ఇంట్లో లేని సమయం చూసి. ఆ అమ్మాయికి చెప్పాలో వద్దో తల్లి తేల్చుకుంటుంది. వెంట తోడికోడలినిగానీ పాస్టరుగారినిగానీ మొదటిసారి తీసుకువెళ్ళవద్దు. మీ భర్త వస్తానంటే వీధి చివర ఉండమనండి. ఏడవకుండా చెప్పగలిగితే మంచిది, ఎందుకంటే మీరు ఏడిస్తే మిమ్మల్ని ఓదార్చే పని ఆమెమీద పడుతుంది. "ఆ డబ్బు తీసింది నేను, నువ్వు కాదు, అడిగినప్పుడు అబద్ధం చెప్పాను" అన్న వాక్యం మొదట చెప్పండి. తక్కినవి ఆమె అడిగితేనే. తలుపు వేసేస్తే అరుగుమీద కూర్చోకండి, ఇంటికి వచ్చేయండి. రెండు రోజులు ఆగి అదే వాక్యం కాగితం మీద రాసి, కింద మీ పూర్తి పేరు రాసి పంపండి.